ఊడ్చిన అడవి

శుభ్రం అన్న మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. మా కంపెనీ గేటు పక్కన ఆ మాట నిలువెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. ఇస్నాపూర్‌లో నేను కిరాయికి ఉండే గల్లీలో, మోరీ పొంగి రోడ్డు మీద పారే చోట, గోడ మీద కూడా అదే రాశారు. మోరీ ఎవరూ తీయరు గానీ ఆ మాట మీద రంగు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా వేస్తారు. పోయిన ఎండాకాలం వరకు దాన్ని చూసి నవ్వుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు ఆ గోడ దాటేటప్పుడు తల తిప్పుకుంటాను.

మాది చిట్కుల్ అవతల ఒక ఊరు. పేరు రాయను. రాస్తే దెబ్బ తగలాల్సిన వాళ్లకు తగలదు, తగలకూడని వాళ్లకు తగులుతుంది. తాతల నాటి నుంచి కూలి చేసి బతికిన ఇల్లు మాది. ఊరి చుట్టూ పొలాలు పోయి కంపెనీలు వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో, మందుగోలీలు తయారుచేసే చోట, ల్యాబులో నా కొలువు. తెల్ల కోటు, గాజు సీసాలు, ముక్కు మండించే వాసన. ఊరికి పడమర దిక్కున మాత్రం ఒక గుట్ట మిగిలింది. గుట్ట అంటే పెద్ద కొండేమీ కాదు. గుండ్లు, గుండ్ల సందుల్లో మోదుగ, తునికి, చండ్ర చెట్లు, సీతాఫలం పొదలు, మే నెలొస్తే మడమలు మునిగేంత ఎండుటాకు. సర్కారు కాగితాల్లో అది పనికిరాని భూమి. మా ఊరివాళ్లకు గుట్ట. నాకు అడవి.

పిట్టల పిచ్చి నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన పటేలు గొడ్లు కాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కూలి సంగతి చెప్పేవాడు కాదు, ఏ చెట్టు మీద ఏ పిట్ట కూసిందో చెప్పేవాడు. ఆ పిచ్చిలో నాకు జత దొరికింది ఒక్క మనిషే. పోతిరెడ్డిపల్లిలో ఉంటుంది, సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతుంది. మా చిన్నమ్మ ఆమెను టీచరమ్మ అంటుంది కాబట్టి ఇక్కడా అలాగే అంటాను. ఆదివారాలు మేమిద్దరం నా స్కూటీ మీద తిరిగేవాళ్లం. మమ్మల్ని చూసి జనం ఏదో సర్వేకు వచ్చారనుకునేవాళ్లు. ఒకసారి ఒక రైతు తన పట్టాపాసుపుస్తకం తెచ్చి మా ముందు పెట్టాడు, పేరు తప్పు పడిందట, సరిచేయమని.

చలికాలంలో ఊళ్లో ఒక మాట మొదలైంది. గుట్టను చదును చేసి కంపెనీలకు ప్లాట్లు ఇస్తారని. మొదట పుకారనుకున్నాం. తర్వాత గుట్ట మీద ఎర్రరంగు వేసిన హద్దురాళ్లు కనిపించాయి. టీచరమ్మ, నేను సంగారెడ్డిలో ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక సారు ఇంకో సారు దగ్గరికి పంపాడు, ఆ సారు భోజనానికి పోయాడు. చెవిటోని ముందు శంఖం ఊదినట్టు ఊదీ ఊదీ, చివరికి ఒక పెద్దసారు ముందు కూర్చున్నాం. ఆయన చేతిలో పని ఆపి మా మాట విన్నాడు. చాయ్ తెప్పించాడు. ఫోన్లో మేము తీసిన పిట్టల ఫోటోలు ఒక్కొక్కటీ చూశాడు.

"ఫోటోలు ఎక్కడివైనా తేవచ్చమ్మా," అన్నాడు. "నేనే వచ్చి చూస్తాను. ఒక ఆదివారం పొద్దున్నే. అక్కడ నిజంగా అడవి ఉంటే, పిట్టలు గూళ్లు పెట్టుకుని ఉంటే, ఆ ఫైలు నా టేబులు దాటదు."

ఆయన అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనను. అదే నాకు ఎక్కువ మంట. దొంగను తిట్టుకోవచ్చు. ఈయనను ఏమని తిట్టాలి?

అలా ఆ మే నెలలో మా యాత్ర మొదలైంది. టీచరమ్మకు బడి సెలవులు. నేను కంపెనీలో సెలవు పెట్టాను, చెల్లి పెళ్లి చూపులని చెప్పి. నాకు చెల్లెలే లేదు. ఇద్దరం మూటాముల్లె కట్టుకుని ఊళ్లో మా చిన్నమ్మ ఇంట్లో దిగాం. సారు వచ్చేలోపు గుట్ట మీద ఏ పిట్ట ఎక్కడ ఉంటుందో, ఏ పొదలో గూడుందో, ఏ వేళకు ఎక్కడ నిలబెడితే ఆయనకు తప్పకుండా కనిపిస్తుందో మాకు కంఠతా రావాలి. ఆయనకున్నది ఒక్క పొద్దు. ఆ ఒక్క పొద్దులో చూపించలేకపోతే గుట్ట లేదు.

పొద్దు పొడవకముందే వెళ్లేవాళ్లం. ఆ వేళ కంపెనీల పొగ ఇంకా కిందికి దిగి ఉండేది, గుట్ట ఎక్కేకొద్దీ ముక్కు తేలికయ్యేది. మోదుగ చెట్టు మీద వంగపండు పిట్ట పసుపు ముద్దలా మెరిసేది. గుండు మీద పాలపిట్ట, ఎండిన చండ్ర మాను మీద వడ్రంగిపిట్ట, పొదల కింద కూతురి పెళ్లి చేసే తండ్రిలా అటూ ఇటూ పరుగెత్తే పూరేళ్లు. జెముడుకాకి మాకంటే ముందే లేచి గొంతు సవరించుకునేది. నెమళ్లు ఎండుటాకు మీద నడుస్తుంటే మనిషి వస్తున్నాడేమోనని మేమే భయపడేవాళ్లం. ఎండ నెత్తికెక్కితే అన్నీ నీడకు పోయేవి. మేమూ గుండు కింద దూరి, నీళ్లు తాగి, మళ్లీ పొద్దు వాలాక లేచేవాళ్లం.

టీచరమ్మ వెంట చెప్పుల డబ్బాలు ఉండేవి. అడుగున దూది పరిచి, రాలిన ఈకలు, పిల్లలు ఎగిరిపోయాక పాడుబడ్డ గూళ్లు, పగిలిన గుడ్డు పెంకులు అందులో పెట్టేది. బడి తెరిచాక పిల్లలకు చూపించాలని ఆమె కోరిక. సారుకూ చూపించాలని నా కోరిక. ఆమెకు ఒకటే కట్టుబాటు. "రాలింది మనది. రాలనిది దానిది," అనేది. గూట్లో పిట్ట ఉంటే నన్ను పది అడుగుల దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు, చెయ్యి పట్టి లాగేది.

ఒక సాయంత్రం ఆ కట్టుబాటు వల్లే మాకు అసలైనది దొరికింది. రెండు గుండ్ల మధ్య సీతాఫలం పొద దగ్గర, పోతూ పోతూ టీచరమ్మ నా చెయ్యి గట్టిగా గిచ్చింది. ముందు ఎండుటాకు తప్ప నాకేమీ కనబడలేదు. చాలాసేపు చూస్తే ఆ ఆకుల్లో ఒక ముక్కకు సన్నని గీతలాంటి కన్ను ఉంది. ఇంగ్లీషులో నైట్‌జార్ అంటారు. మా నాయన దారిపిట్ట అనేవాడు, చీకటి పడితే బండిబాట మీద కూర్చుని లాంతరు దగ్గరికొచ్చేదాకా లేవదు కాబట్టి. గూడు కట్టదు. ఎండుటాకు మీదే రెండు గుడ్లు పెట్టి వాటి మీద కూర్చుంటుంది, అంతే. తొక్కబోయేదాకా కదలదు. ఎండుటాకే దానికి గోడ, కప్పు, కాపలా.

మసక పడ్డాక అది కూసింది, రబ్బరు బంతిని బండ మీద వేస్తే ఎగిరెగిరి ఆగినట్టు. టీచరమ్మ నా చెవిలో, "సారును ఇక్కడికే తేవాలి. ఇది చూస్తే చాలు," అంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

చిన్నమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకు చెల్లెలు. పంచాయతీలో ఊడ్చే పని. యాభై దాటిన మనిషి, పొద్దున్నే ఊరంతా ఊడ్చి వచ్చి తన వాకిలి మళ్లీ ఊడ్చుకుంటుంది, అలవాటు. మమ్మల్ని చూసి నవ్వేది. "జీతమిచ్చే నౌకరి ఇడిసిపెట్టి పిట్టల ఎనక తిరుగుతున్నవు. మీ నాయన గూడ గిట్లనే గొడ్లనిడిసి పిట్టలను కాసెటోడు," అనేది. అన్నా, రాత్రి బువ్వ తిన్నాక డబ్బాలన్నీ మూత తీయించి చూసేది. వంగపండు ఈకను దీపం ముందు పెట్టి తిప్పి తిప్పి చూసి, "బంగారం గాదే," అంది.

రెండు రోజులు పోయాక తనూ తేవడం మొదలుపెట్టింది. కొంగు ముడి విప్పి మా ముందు పెట్టేది. "బిడ్డా, గిది పనికొస్తదా సూడు." చూస్తే కోడి ఈక. ఇంకోరోజు గుడి దగ్గర ఊడ్చేటప్పుడు దొరికిన పావురం ఈకలు. టీచరమ్మ వాటిని కూడా డబ్బాలో దూది మీద మర్యాదగా పెట్టింది. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. సారు వస్తున్నాడని, ఆయన చూస్తే గుట్ట దక్కుతుందని ఆమెకు చెప్పాను. "వచ్చినోడు మంచిగ సూడాలె," అంది. ఎవరికోసమో ఎప్పుడూ ఊడ్చే మనిషి, ఈసారి తన బిడ్డ పిలిచిన సారు కోసం.

శనివారం పొద్దున్నే మేమిద్దరం సంగారెడ్డి వెళ్లాం. సారుకు వేళ గుర్తు చేయాలి, టీచరమ్మ ఇంట్లో ఉన్న రెండో దుర్భిణి తెచ్చుకోవాలి, ఆదివారం తెల్లవారుజామున సారు బండికి దారి చూపిస్తూ ముందు నడవాలి. అందుకే ఆ రాత్రి పోతిరెడ్డిపల్లిలోనే ఉండిపోయాం. గుట్టకు మేము లేని రోజు అదొక్కటే.

ఆదివారం సారు మమ్మల్ని ముందు పొమ్మని, తను వెనక వస్తానన్నాడు. ఊరి పొలిమేర దాటగానే నాకు కాలిన ఆకు వాసన కొట్టింది. ఎవరో గడ్డి తగలబెట్టారులే అనుకున్నాను. తర్వాత రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీతలు మొదలయ్యాయి. మంత్రి వచ్చినా, కలెక్టరొచ్చినా, ఆఖరికి టీకాలు వేసేవాళ్లొచ్చినా మా దగ్గర దారికి అటూ ఇటూ సున్నం పోస్తారు. ఆ గీతలు ఊళ్లోకి పోలేదు. పడమరకు తిరిగాయి.  వెనక కూర్చున్న టీచరమ్మ "అయ్యో" అన్న మాట నా మెడ మీద తగిలింది.

కాలిబాట ఉండాల్సిన చోట జేసీబీ గీరిన వెడల్పాటి ఎర్రమట్టి దారి. పొదలన్నీ నేలకు కొట్టేశారు. సీతాఫలం లేదు, రేగు లేదు. పెద్ద చెట్లను మాత్రం ఉంచి, మొదళ్లకు కింద ఎరుపు, పైన తెలుపు రంగు వేశారు. గుండ్ల మధ్య చదునుగా ఉన్న చోట షామియానా, తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు, మైకు. మైకులో ఎవరో "హలో, మైక్ టెస్టింగ్" అంటూనే ఉన్నాడు. ఫ్లెక్సీ మీద సారు ఫోటో, ఆ ఫోటో పక్కన ఎక్కడో విదేశాల్లో ఉండే నీలం, పసుపు రంగుల పెద్ద రామచిలుక. కింద "పక్షి ప్రేమికులకు స్వాగతం".

పంచాయతీ సెక్రటరీ ఎదురొచ్చాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, నన్ను మేడం అంటాడు. ముఖం నిండా చెమట, నవ్వు.

"ఎట్లుంది మేడం? సారు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, విజిట్ ఉందని. నిన్న పొద్దుగాల సంది నలుగురు పనోళ్లను, జేసీబీని పెట్టి సాఫ్ జేయించిన. మీరు జెర ముందు చెప్తే ఇంకా మంచిగ జేస్తుంటి."

"పొదలెందుకు కొట్టించినవ్?" అన్నాను.

"పాములుంటయి గద మేడం. సారుకు ఏమన్నయితే నా నౌకరి ఉంటదా?"

"ఆకు ఎందుకు కాలబెట్టినవ్?"

నేను పిచ్చిదాన్నేమో అన్నట్టు చూశాడు. "చెత్త గద మేడం."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందేసినవాడు నవ్వుతూ మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఊరికే మాటవరుసకు అనడం లేదు, నా చెయ్యి నిజంగానే లేచింది, టీచరమ్మ పట్టుకుంది.

రెండు గుండ్ల దగ్గరికి పరుగెత్తాను. గుండ్లు అక్కడే ఉన్నాయి. మధ్యలో పొద లేదు, ఆకు లేదు. నేల మీద చీపురు గీతలు, కుడి నుంచి ఎడమకు అర్ధచంద్రాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. ఆ గీతలు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి చిన్నమ్మ వాకిట్లో ఆడుకున్నదాన్ని.

చిన్నమ్మ అప్పుడే వచ్చింది. నారింజ రంగు కొత్త జాకెట్టు వేసుకుని ఉంది, పండక్కి మాత్రమే పెట్టుకునే పెద్ద బొట్టు పెట్టుకుంది. చేతిలో స్టీలు టిఫిను గిన్నె. దగ్గరికొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసి, మూత తీసింది. లోపల దీపం ఒత్తులకు వాడే దూది. దూది మీద రెండు గుడ్లు, లేత గులాబీ రంగు మీద గోధుమ మచ్చలు.

"సూడు బిడ్డా," అంది గుసగుసగా. "ఊడుస్తుంటే దొరికినయి. ఎవని కాళ్ల కిందనన్న పడి పలుగుతయని తీసి పెట్టిన. నువ్వు జమజేస్తవు గద. పెద్దసారుకు నువ్వే సూపియ్యి, ఆ సెక్రెటరికి ఇయ్యకు, వాడు నేనే తెచ్చిన అంటడు."



"ఎప్పుడు తీసినవ్?" టీచరమ్మ అడిగింది.

"నిన్న పొద్దుగాల్నే టీచరమ్మా. కాళ్ల సందుల నుంచి పిట్ట లేసి పోతే నా పాణం గుబుక్కుమన్నది." నవ్వింది. "మల్ల రాత్రి గూడ వచ్చింది గావచ్చు, గీడనే తిరుగుతున్నదని మైకు కాడ పండుకున్న పోరలు అన్నరు."

గుడ్లు తీసి అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి. ఆ పిట్ట ఆ రాత్రంతా ఈ ఊడ్చిన నేల మీద తిరిగిందన్నమాట. చిన్నమ్మ ఇంకా నా ముఖంలోకి చూస్తూనే ఉంది, ఏమంటానో అని. బాగుందని అంటానని. అనలేకపోయాను.

అంతలో సారు బండి దిగాడు. డప్పు కొట్టారు. నిజం, పిట్టలు చూడ్డానికి వచ్చిన మనిషికి డప్పు కొట్టారు. దండ వేశారు, శాలువా కప్పారు. మైకులో ఆయన గుణగణాలు చదివారు. సారు ఇబ్బంది పడుతూనే అన్నీ కప్పించుకున్నాడు. తర్వాత దుర్భిణి మెడలో వేసుకుని, "పదండమ్మా," అన్నాడు.

పదిమంది వెంట నడుస్తూ గుట్ట మీద ఏం చూస్తాం? వంగపండు లేదు. పూరేళ్లు దాక్కునే పొదే లేకపోతే పూరేళ్లు ఎక్కడుంటాయి? ఉప్మా ప్లేట్లు పడేసిన చోట కాకులు, గోరింకలు. సారు ఓపికగానే చూశాడు. కళ్ల దగ్గర దుర్భిణి పెట్టుకుని కొట్టేసిన పొదల వైపు, రంగు వేసిన చెట్ల వైపు చాలాసేపు చూశాడు. నేను, "సార్, మొన్నటిదాకా ఇక్కడ..." అంటూనే ఉన్నాను. ప్రతిచోటా అదే మాట. ఇక్కడ ఉండేది సార్, ఇక్కడ కూసేది సార్. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించి నా మీద నాకు రోత పుట్టింది.

రెండు గుండ్ల దగ్గర సెక్రటరీకి గిన్నె కంటబడింది. చిన్నమ్మ చేతిలోంచి లాక్కుని, "సార్, గుడ్లు సార్, గుట్ట మీదివే," అని ముందు పెట్టాడు. ఎవరో ఫోటో తీశారు.

"ఏ పిట్టవి?" అన్నాడు సారు.

చెప్పాను.

"మరి పిట్ట?"

"ఇది దాని ఇల్లు సార్. ఊడ్చేశారు."

సారు ముఖం మారింది. ఆయనకు అర్థమైంది, అది నేను చూశాను. కానీ అర్థమైనదాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ వెంటనే చిన్నమ్మ వైపు తిరిగాడు. "నిన్నెవరు ముట్టమన్నరు? ఊడ్వమంటే ఊడ్వాలె గని గుడ్లెందుకు తీసినవ్? అకల్ ఉందా?" సారు కూడా ఆమెతోనే అన్నాడు, మెల్లగానే, బడిపిల్లకు చెప్పినట్టు: "చూడమ్మా, అడవి పక్షుల గుడ్లు తీయడం నేరం. జైలుకు పోతారు, తెలుసా?"

అత్త మీద కోపం దుత్త మీద. మెట్లు దిగీ దిగీ ఆ కోపం చీపురు పట్టిన మనిషి దగ్గరికొచ్చి ఆగింది, ఆమె కింద ఇంక మెట్టు లేదు గనుక. చిన్నమ్మ చేతులు జోడించింది. "తప్పయింది సారూ, నాకు ఎర్కలేదు," అంది. బొట్టు మీదుగా చెమట కారుతోంది.

అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఏమన్నానో మొత్తం గుర్తులేదు. గుర్తున్నంత రాస్తాను. "రెండు గుడ్లు తీస్తే నేరమా సార్? మరి గుట్టనే గీరేసిన జేసీబీకి ఏ జైలు? ఈమె తీసింది పలుగుతాయని. ఆయన గీరించింది మీ బూట్లకు ముల్లు గుచ్చుకుంటుందని. మీరు చూస్తానన్నది అడవిని సార్, పెళ్లిపందిరిని కాదు. మీకు ముందు ఫోను చేయకుండా రావడం చేతకాదా?" ఇంకా ఏవో అన్నాను. మా వెంట వచ్చినవాడి చేతిలో మైకు ఆన్‌లోనే ఉన్నట్టుంది, సగం మాటలు షామియానాలోంచి తిరిగి నాకే వినబడ్డాయి.

"ఎమోషనల్ కాకండమ్మా," అన్నాడు సారు. శాలువా తీసి మడిచి డ్రైవరు చేతికిచ్చాడు. "నేను చూసినదే నేను చెప్పగలను కదా." బండెక్కాడు. పోతూ పోతూ ఒక్కసారి ఎర్రదారి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

జనం పోయారు. కుర్చీలు ట్రాక్టరెక్కాయి. ఎండ ముదిరింది. టీచరమ్మ గిన్నెలోంచి గుడ్లు తీసి, గుండ్ల మధ్య అవి ఉన్నచోటనే పెట్టింది. తన కట్టుబాటు తనే తప్పి ముట్టుకుంది. ఆ బోడి నేల మీద అవి ఆమడ దూరానికి కనిపిస్తున్నాయి. కాకి చూసినా చాలు. కాకి చూడకపోయినా ఆ ఎండకు అవి ఉడికిపోతాయి. మేమిద్దరం మా నీడ వాటి మీద పడేలా నిలబడ్డాం. ఎంతసేపు నిలబడతాం?

చిన్నమ్మ కాసేపు దూరంగా నిలబడి చూసింది. తర్వాత కిందికి దిగిపోయింది. ఇంటికి పోయిందనుకున్నాను, పోనీ అనుకున్నాను. కాసేపటికి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ట్రాక్టరు తీసుకుపోయి ఊరి బయట గుంతలో పోసిన చెత్తలో కాలకుండా మిగిలిన ఎండుటాకు. గంప దించి, మోకాళ్ల మీద కూర్చుని, గుడ్ల చుట్టూ ఆకు పరచడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆకు ఎత్తడమే తప్ప పరచడం ఎరగని చేతులు. చేతికి చీపురు లాగే పని అలవాటు, ఆకును కూడా వరసగా, ఒత్తుగా, సమంగా పరుస్తోంది.

"అట్ల గాదు చిన్నమ్మా, గజిబిజిగ పొయ్యి," అన్నాను. ఆ పొద్దున ఆమెతో నేనన్న మొదటి మాట అది.

మళ్లీ పోయి ఇంకో గంప తెచ్చింది. మూడో గంపతో వచ్చేసరికి సెక్రటరీ బైకు కొత్త దారి మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. చిన్నమ్మను, ఆకును చూసి మొదట అరవబోయాడు. నన్ను చూసి గొంతు తగ్గించుకున్నాడు. సారు ముందు అన్న మాటలకు నా మీద కోపంగా ఉంటాడనుకున్నాను. లేదు. మెత్తగా ఉన్నాడు, పని అయిపోయిన మనిషిలా.

"పరేషాన్ గాకండి మేడం. సారు ఫోన్ జేసిండు. మీ మీద ఏం కోపం లేదన్నడు." బైకుకు స్టాండు వేశాడు. "జాగా చూసిన, పిట్టలు గిట్ల ఏం లేవు, పొదలు గూడ లేవు, దారి గూడ పడ్డది, అభ్యంతరం లేదని రాస్తున్నడట. ప్లాట్లు పడతయి. వానాకాలం ముందే పని మొదలువెడతరట."

సెక్రటరీ కళ్లల్లో సిగ్గు ఉందేమోనని వెతికాను. అంత గుట్టను ఒక్క రోజులో బోడి చేసిపెట్టింది తనేనని ఆయనకు తట్టనే లేదు. పైగా, "మనూరికి మంచి పేరొచ్చింది మేడం, సాఫ్‌గ ఉందని సారు మెచ్చుకున్నడు," అన్నాడు. నాకు తిట్లు కూడా రాలేదు. అన్నీ పొద్దున్నే అయిపోయాయి.

చిన్నమ్మ గంప నడుముకు ఆనించుకుని అంతా విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుంది. సెక్రటరీ బైకు తిప్పుకుంటుంటే రెండడుగులు ముందుకేసింది.

"సారూ, గీడ కంపినీ వడితే ఊడ్సే పని దొరుకుతదా? పంచాయతిల జీతం టైముకు రాకపాయె."

"అప్పుడు యాది జెయ్యి, సూద్దాం," అని ఆయన పోయాడు.

నాకు ఆ క్షణాన సారు మీద, సెక్రటరీ మీద వచ్చిన దానికంటే ఎక్కువ కోపం ఆమె మీద వచ్చింది. దాన్ని మెత్తగా చేసి రాయను. నా గుట్ట పోయిందన్న మాట ఇంకా గాలిలో ఉండగానే ఆమె వాడిని పని అడిగింది. అది కూడా నా ముందే, అది కూడా ఊడ్చే పనే. ఒక కంపెనీ ఇచ్చే జీతంతో నేను దుర్భిణి కొనుక్కున్నానన్న సంగతి కూడా అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

"నీకు సిగ్గు లేదా చిన్నమ్మా? వాణ్ణి ఎట్ల అడిగినవే?" అని అరిచాను.

ఆమె నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గంప వంచి, మిగిలిన ఆకును గుడ్ల పక్కన గజిబిజిగా పోసింది, నేను చెప్పినట్టే.

"అడిగితే ఏంబోతది బిడ్డా," అంది. "గుట్ట పాయె, పిట్ట పాయె. నేనన్న బతకాలె గద."